బండి ఇరుసు నుంచి జీపు ఇరుసు దాకా

తొలకరి పడిన వారం రోజులకు చెరుకుపల్లి చుట్టుపక్కల డొంకలలో నడిచినవారికి నల్లరేగడి స్వభావం వేరే చెప్పనక్కరలేదు. ఎండకాలంలో రాయివలె బిగిసి నెర్రెలు విచ్చే ఆ నేల, నాలుగు వానలు పడగానే జిగురై చక్రాన్ని పట్టుకుంటుంది. అటువంటి డొంకలో ఒకదాని వెనుక ఒకటిగా మూడు వాహనాలు వస్తున్నాయనుకుందాం. ముందు ఎడ్లబండి, దాని వెనుక ట్రాక్టరు, ఆ వెనుక నిజాంపట్నం వైపు నుంచి చేపల పెట్టెలు వేసుకొని వచ్చే పికప్ బండి. ఎడ్లబండి తూలుతూ ఊగుతూ సాగిపోతుంది. ట్రాక్టరు ముందు చక్రాలలో ఒకటి గట్టెక్కినా, ఇంకొకటి గోతిలో దిగినా డ్రైవరు కూర్చున్న పీట అంతగా ఒరగదు. పికప్ బండి మాత్రం గోతి దగ్గర ఆగిపోతుంది. దాని చక్రం ఒకటి బురదలో గిరగిర తిరుగుతూ ఉంటే రెండవది కదలనే కదలదు.

ఇంజను బలం చాలక ఇట్లా జరిగిందనుకోవటానికి వీలు లేదు. ఎడ్లబండికి అసలు ఇంజనే లేదు గదా. ఈ తేడా చాలావరకు చక్రాల నడుమ ఉన్న ఇరుసులో ఉన్నది. రెండు చక్రాలను కలిపి కట్టాలా, విడదీసి దేని దారిన దానిని పోనివ్వాలా అనే ప్రశ్న చక్రం పుట్టిన నాటి నుంచీ ఉన్నదే. మనిషి దానికి ఒకసారి ఒక జవాబూ, మరొకసారి మరొక జవాబూ చెబుతూ వచ్చాడు. అమెరికా, ఆస్ట్రేలియా మొదలైన దేశాలలో కొండదారులలో పికప్ బండ్లు నడిపేవారు కొందరు, ఫ్యాక్టరీ వారు అమర్చిన కొత్తరకం ముందు చక్రాల ఏర్పాటును కోసివేసి, దాని స్థానంలో పాతకాలపు ఏకఖండ ఇరుసును బిగించుకుంటున్నారు. దీనిని మోటారు పనివారు సాలిడ్ యాక్సిల్ స్వాప్ అంటారు. కొత్తదానిని తీసి పాతదానిని పెట్టుకోవటం పైకి వెర్రిగా కనిపిస్తుంది. అందులోని తర్కం తెలియాలంటే సుమారు 5,000 ఏళ్లు వెనక్కు పోవాలి.

కలిసి తిరిగిన ఇరుసు

స్లొవేనియా దేశ రాజధాని లుబ్లియానా దగ్గరి చిత్తడి నేలలో 2002లో పురావస్తు శాస్త్రజ్ఞులకు ఒక కొయ్య చక్రం, దానితోపాటు ఇరుసు దొరికాయి. వాటి వయస్సు సుమారు 5,150 సంవత్సరాలని తేలింది. ఇంత పాత చక్రం, ఇరుసుతో సహా, మరెక్కడా బయటపడలేదు. చక్రాన్ని యాష్ అనే చెట్టు పలకలతోను, ఇరుసును ఓక్ కర్రతోను చేశారు. చక్రం మధ్యనున్న రంధ్రం గుండ్రంగా లేదు, చతురస్రంగా ఉన్నది. ఇరుసు కొనను ఆ చదరపు రంధ్రంలో దూర్చి మేకులు దిగగొట్టారు. అనగా చక్రం తిరిగితే ఇరుసు కూడా తిరగవలసిందే. రెండు చక్రాలూ, ఇరుసూ కలిసి ఒకే వస్తువు.

తిన్నని దారిలో ఇందులో ఇబ్బంది లేదు. మలుపులోనే చిక్కు. బండి ఎడమకు తిరిగినప్పుడు కుడి చక్రం ఎక్కువ దూరం పోవాలి. రెండూ ఒకే ఇరుసుకు బిగిసి ఉన్నందువల్ల ఒకటి నేలమీద రాచుకొని జారక తప్పదు. ఎంత దూరం జారాలో విద్యార్థులు లెక్క కట్టవచ్చు. చక్రాల నడుమ దూరం 124 సెంటీమీటర్లు అనుకుంటే, సమకోణపు మలుపు పూర్తయ్యేసరికి బయటి చక్రం లోపలి చక్రంకంటె 124 × 1.57, అనగా సుమారు 195 సెంటీమీటర్లు ఎక్కువ నడవాలి. మలుపు విశాలమైనదైనా, ఇరుకైనదైనా ఈ తేడా మారదు. ఎందువల్లనో ఆలోచించి చూడటం క్షేత్రగణితంలో మంచి అభ్యాసం.

ఈ ప్రాచీన పద్ధతి అంతరించిపోలేదు. 1916లో రేపల్లెకు రైలు వచ్చినప్పుడు చెరుకుపల్లి ప్రాంతానికి అది కూడా వచ్చింది. రైలు పెట్టె చక్రాలు రెండూ ఇరుసుకు బిగిసే ఉంటాయి. పట్టాల మలుపులు చాలా విశాలంగా ఉంటాయి. పైగా చక్రాల అంచు కొద్దిగా శంకువు ఆకారంలో ఉంటుంది. మలుపులో ఇరుసు కొంచెం పక్కకు జరిగి బయటి చక్రం తన పెద్ద చుట్టుకొలతమీద, లోపలి చక్రం తన చిన్న చుట్టుకొలతమీద దొర్లుతాయి. డొంకలో బండికి అటువంటి పట్టాలు ఎవరు వేస్తారు?

డెల్టా బండి

అందుకనే బండి చేసినవారు చక్రాలను విడదీశారు. ఇరుసు కదలకుండా బండికి కట్టుబడి ఉంటుంది, చక్రం ఒక్కటే దానిమీద తిరుగుతుంది. కృష్ణా డెల్టా వడ్రంగి చేసే బండిలో కుండ, కుండలో దిగిన ఆకులు, ఆకుల చివర పూటీలు, పూటీల చుట్టూ ఎర్రగా కాల్చి తొడిగిన ఇనుప పట్టా, చక్రం ఊడిపోకుండా ఇరుసు కొనకు కడచీల ఉంటాయి. ఇనుప పట్టాను కాల్చి తొడిగి నీళ్లు పోస్తే అది సంకోచించి చక్రాన్ని బిగిస్తుంది. వ్యాకోచ సంకోచాలను పాఠంగా చదవని కమ్మరికి ఆ లెక్క చేతిలో ఉండేది. కుండకూ, ఇరుసుకూ మధ్య ఘర్షణ తగ్గటానికి వరిగడ్డి మసిలో ఆముదం కలిపిన కందెనను వెదురుబొంగులో పోసి బండికి కట్టుకొనేవారు.

ఇరుసు మార్పిడి అనేది డెల్టా రైతుకు కొత్త సంగతి కాదు. ఇరవయ్యవ శతాబ్దం మధ్యభాగం నుంచి కొయ్య చక్రాల బండి క్రమంగా రబ్బరు టైర్ల బండికి చోటిచ్చింది. సన్నని ఇనుప పట్టా మెత్తని నేలను కోసుకుంటూ దిగబడుతుంది. గాలి టైరు బరువును వెడల్పుగా పరుస్తుంది. బాల్ బేరింగులు వచ్చాక ఎడ్లకు లాగే శ్రమ బాగా తగ్గింది. అయితే టైరు చక్రం కొయ్య ఇరుసుకు పట్టదు. చక్రం మార్చాలంటే ఇరుసును కూడా మార్చవలసిందే. అందుకు పాత మోటారు బండ్ల ఇరుసులను కొని బిగించుకొన్నవారు ఉన్నారు. అంతటితో తీరిందా? టైరు చక్రం కొయ్య చక్రంకంటె చాలా పొట్టిది. బండి కిందికి దిగుతుంది, నొగలు పైకి చూస్తాయి, కాడి ఎద్దుల మెడమీద సరిగా ఆనదు. ఎత్తు సరిపోవటానికి ఇరుసుకూ, పై చట్రానికీ మధ్య దిమ్మెలు వేయాలి. ఒక్క ఇరుసు మార్చబోతే బండి అంతటి కొలతలూ మారిపోతాయని వడ్రంగి అప్పుడే గ్రహించాడు. పికప్ బండికి ఇరుసు మార్చేవారు ఎదుర్కొనే చిక్కులన్నీ ఈ దిమ్మెల చిక్కుకు పెద్దరూపాలే.

ఇంజను వచ్చి మళ్లీ కట్టింది

ఎద్దులు లాగే బండికి చక్రాలు ఊరికే తిరిగితే చాలు. ఇంజను బండిలో చక్రాలే బండిని నెట్టాలి. కనుక శక్తిని ఇరుసులో పంపవలసి వచ్చింది. ఇరుసు మళ్లీ తిరగక తప్పలేదు, దానితో లుబ్లియానా చిక్కు మళ్లీ వచ్చిపడింది. దీనికి ఫ్రెంచి యంత్రనిర్మాత ఒనెసిఫోర్ పెకూర్ 1820ల చివరలో తన ఆవిరిబండి కోసం ఒక ఉపాయం పన్నాడు. ఇరుసును మధ్యలో రెండుగా విడదీసి, ఆ రెండు ముక్కల నడుమ పళ్లచక్రాలను అమర్చాడు. అవి రెండు చక్రాలకూ సమానమైన మెలితిప్పు బలాన్ని అందిస్తూనే, ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా తిరగనిస్తాయి. ఇదే డిఫరెన్షియల్. 195 సెంటీమీటర్ల తేడా ఇక టైరును అరగదీయదు.

మలుపు తిప్పే చక్రాల సంగతి అంతకు ముందే తేలింది. ఎడ్లబండి మలుపు తిరిగితే ఇరుసు మొత్తం ఎడ్లతోపాటు తిరుగుతుంది. నాలుగు చక్రాల గుర్రపుబండిలో ముందు ఇరుసు మొత్తాన్ని మధ్యశీలమీద తిప్పితే బండి ఒరిగి పడిపోయే ప్రమాదం ఉన్నది. జర్మనీలో మ్యూనిక్ నగరపు బండ్ల నిర్మాత లాంకెన్‌స్పెర్గర్ 1817లో, ఇరుసును కదలకుండా ఉంచి దాని రెండు కొనలకు కీలుమీద తిరిగే చిన్న ముక్కలు అమర్చే పద్ధతిని కనిపెట్టాడు. ఇంగ్లండులో అతని తరఫున 1818లో పేటెంటు తీసుకొన్న ఆకర్‌మన్ పేరే దానికి నిలిచిపోయింది. కనిపెట్టినవాని పేరు మరుగున పడి ఏజంటు పేరు నిలవటం విజ్ఞాన చరిత్రలో కొత్త కాదు.

ఇక మిగిలింది ముందు చక్రాలను తిప్పటం, నడపటం రెండూ ఒకేసారి చేయటం. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన జాకో, బెసర్డిక్ అనే ఇద్దరు యంత్రపు పనివారు 1908లో ఇరుసు కొనలోనే కీలు జాయింటు అమర్చి ఈ పని సాధించారు. పదిహేడవ శతాబ్దంలో రాబర్ట్ హుక్ వర్ణించిన జాయింటుకు ఒక లోపం ఉన్నది. అది వంగి తిరిగేటప్పుడు వేగం నిలకడగా ఉండదు. వంపు 30 డిగ్రీలైతే, ఒక్క చుట్టులోనే రెండుసార్లు వేగం 0.87 రెట్లకు తగ్గి, 1.15 రెట్లకు పెరుగుతుంది. 1920లలో ఫ్రాన్సులో ఫెనెయ్, గ్రెగ్వార్ అనేవారు ట్రాక్టా జాయింటును, అమెరికాలో ర్జెప్పా గోళీల జాయింటును కనిపెట్టి ఈ కుదుపును పోగొట్టారు.

వీటన్నిటినీ ఒక్కచోట చేర్చి లక్షలమీద తయారుచేసిన వాహనం జీపు. 1940లో అమెరికా సైన్యం కోరికపై దీని నమూనా తయారయింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేలోపల విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. 60 అశ్వశక్తుల ఇంజను, ముందూ వెనుకా ఏకఖండ ఇరుసులు, వాటిమీద కమాను పట్టీల స్ప్రింగులు. రెండు ఇరుసులలోనూ పళ్లచక్రాల నిష్పత్తి 4.88. ముందు చక్రాల నడుమ దూరం దాదాపు పైన లెక్కకు తీసుకొన్న 124 సెంటీమీటర్లే.

ఇరుసు బోలు గొట్టం. బండి బరువును మోసేది ఆ గొట్టమే. లోపల తిరిగే కమ్మీలు శక్తిని మాత్రమే అందిస్తాయి. ఎడ్లబండిలోని నిలిచిన ఇరుసూ, లుబ్లియానాలోని తిరిగే ఇరుసూ ఇక్కడ ఒకదానిలో ఒకటి ఇమిడిపోయాయి.

1940ల చివరలో బొంబాయిలో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను కూర్చటం ప్రారంభించింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైన తరువాత బ్లాకు కార్యాలయాలకు జీపులు వచ్చాయి. కాలువ గట్టు తప్ప రోడ్డు లేని ఊళ్లకు అధికారి, వ్యవసాయ నిపుణుడు, టీకాల మందు చేరటానికి ఆ ఏకఖండ ఇరుసులే ఆధారమయ్యాయి.

మళ్లీ విడదీశారు, ఎందుకు?

ఏకఖండ ఇరుసుకు దోషాలు లేకపోలేదు. ఎడమ చక్రం రాయెక్కితే కుడి చక్రం కూడా ఒరుగుతుంది. ఇరుసు, డిఫరెన్షియల్, చక్రాలు అన్నీ స్ప్రింగుల కింద వేలాడే బరువే. ఆ బరువు ఎక్కువైనకొద్దీ గతుకుల రోడ్డుమీద చక్రం నేలను సరిగా అంటి ఉండదు.

ఇంకొక దోషం చాలా సూక్ష్మమైనది. సైకిలు చక్రాన్ని ఊడదీసి ఇరుసు కొనలు రెండు చేతులతో పట్టుకొని, మరొకరిచేత వేగంగా తిప్పించి, చక్రాన్ని పక్కకు ఒరగించి చూడండి. అది చేతులకు లొంగక, మరొక దిక్కుకు మళ్లుతుంది. గైరోస్కోపు ధర్మం ఇదే. ఏకఖండ ఇరుసు బండి వేగంగా పోతూ ఒక చక్రం ఎగిరినప్పుడు, ఇరుసు ఒరిగినందువల్ల రెండు చక్రాలూ ఈ ధర్మాన్ని అనుసరించి పక్కకు మళ్లుతాయి, తిరిగి వస్తాయి, మళ్లీ మళ్లుతాయి. స్టీరింగు డ్రైవరు చేతిలో వణుకుతుంది. 1920లలో కార్ల వేగం పెరిగినకొద్దీ ఇది పెద్ద సమస్య అయింది.

ఇటలీలో లాన్సియా కంపెనీ 1922లో లాంబ్డా అనే కారులో ముందు చక్రాలను విడివిడిగా వేలాడదీసింది. జనరల్ మోటార్సులో మోరిస్ ఒల్లీ అనే ఇంజనీరు ఈ ఊగులాటను కొలతలతో పరిశీలించి, ముందు ఇరుసును తీసివేయటమే మందు అని తేల్చాడు. 1934 నమూనా కార్లలో ఆ మార్పు వచ్చింది. ఒక చక్రం ఎగిరినా రెండవ దానికి తెలియదు. ఇదే ఇండిపెండెంట్ సస్పెన్షన్, తెలుగులో విడి చక్రాల పద్ధతి అనవచ్చు.

పికప్ బండ్లకు ఇది ఆలస్యంగా వచ్చింది. పల్లెలో బరువు మోసిన పికప్, పట్నంలో కుటుంబపు కారు పని కూడా చేయటం మొదలుపెట్టిన తరువాత మెత్తని ప్రయాణం కావలసి వచ్చింది. ఫోర్డు 1980లో నాలుగు చక్రాలు నడిచే పికప్పులలో ముందు ఇరుసును నడుమ కోసినట్లు రెండు దూలాలుగా చేసి ఒక మధ్యేమార్గం తొక్కింది. టొయోటా హైలక్స్ పికప్ 1979 నుంచి అమెరికాలో ఏకఖండ ముందు ఇరుసుతో అమ్ముడయింది. 1986 నమూనాలో అక్కడ దానిని తీసివేశారు. మరికొన్ని దేశాలలో అదే ఇరుసు ఇంకా ఎన్నో ఏళ్లు కొనసాగింది. జనరల్ మోటార్సు పెద్ద పికప్పులు 1988లో విడి చక్రాల దారి పట్టాయి. మన దేశంలో పాత మహీంద్రా జీపుల వారసునిగా 2010లో వచ్చిన థార్ కూడా ముందు చక్రాలను విడదీసుకొనే వచ్చింది.

రోడ్డుమీద ఇది లాభమే. రాళ్లలో, బురదలో మాత్రం లెక్క తారుమారవుతుంది. ఏకఖండ ఇరుసులో ఒక చక్రం 20 సెంటీమీటర్ల గట్టెక్కితే ఇరుసు మధ్యభాగం 10 సెంటీమీటర్లు లేస్తుంది. డిఫరెన్షియల్ గుల్ల నేలకు దూరమవుతుంది. బండిలో ఎంత బరువు వేసినా ఆ గుల్లకూ నేలకూ మధ్య ఎడం తగ్గదు, అది టైరు ఎత్తును బట్టే ఉంటుంది. విడి చక్రాల పద్ధతిలో డిఫరెన్షియల్ చాసిస్‌కు బిగిసి ఉంటుంది. చక్రాలు పైకి లేచినకొద్దీ, బరువు పెరిగినకొద్దీ అది నేలకు దగ్గరవుతుంది.

అంతకంటె ముఖ్యమైనది తాసుకోల గుణం. ఏకఖండ ఇరుసులో ఒక చక్రం పైకి పోయినప్పుడు, అదే ఇరుసు రెండవ చక్రాన్ని కిందికి నొక్కుతుంది. ఆ చక్రం గోతిలో సైతం నేలను పట్టుకొని ఉంటుంది. చెరుకుపల్లి పొలాలలోని ట్రాక్టరులో దీనిని కళ్లారా చూడవచ్చు. దాని ముందు ఇరుసుకు స్ప్రింగులు ఉండవు. మధ్యలో ఒక్క లావుపాటి శీలమీద అది తాసుకోలవలె ఊగుతుంది. రెండు పెద్ద వెనుక చక్రాలు, ముందు ఆ శీల, మొత్తం మూడు బిందువులమీద ట్రాక్టరు నిలుస్తుంది. మూడు కాళ్ల పీట ఏ నేలమీదనైనా కుదురుగా కూర్చుంటుందన్న సంగతి తెలిసినదే. ఇక పికప్ చక్రం బురదలో ఊరికే ఎందుకు తిరిగింది? డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమాన బలాన్నే ఇస్తుంది. బురదలోని చక్రానికి పట్టు లేదు గనుక బలం అక్కరలేదు, కాబట్టి గట్టినేలమీది చక్రానికి కూడా అంతే అల్పబలం అందుతుంది. ట్రాక్టరు డ్రైవరుకు ఇందుకు ఒక పెడల్ ఉన్నది. దానిని తొక్కితే డిఫరెన్షియల్ బిగుసుకొని, వెనుక చక్రాలు రెండూ లుబ్లియానా చక్రాలవలె కలిసి తిరుగుతాయి.

మార్పిడి పని

విడి చక్రాల పికప్‌కు ఏకఖండ ఇరుసు వేయాలంటే ముందుగా ఇరుసును ఎన్నుకోవాలి. పాత టొయోటా ఇరుసులు, డానా కంపెనీ వారి 44, 60 నంబర్ల ఇరుసులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. బండి గేరుపెట్టె నుంచి ముందుకు వచ్చే షాఫ్టు ఏ పక్కన ఉంటే డిఫరెన్షియల్ గుల్ల కూడా ఇరుసులో ఆ పక్కనే ఉండాలి. లేకుంటే షాఫ్టు ఇంజను కిందగా అడ్డంగా పోవలసి వస్తుంది. వెడల్పు వెనుక ఇరుసుకు దీటుగా ఉండాలి.

నిష్పత్తి సంగతి మరీ ముఖ్యం. ముందు ఇరుసు 4.88, వెనుక ఇరుసు 4.56 అనుకుందాం. షాఫ్టు 100 చుట్లు తిరిగేసరికి ముందు చక్రం 20.5 చుట్లు, వెనుక చక్రం 21.9 చుట్లు తిరుగుతాయి. టైరు చుట్టుకొలత 2.4 మీటర్లయితే వెనుక చక్రాలు ముందువాటికంటె సుమారు మూడున్నర మీటర్లు ఎక్కువ పోదామని చూస్తాయి. గట్టిరోడ్డుమీద నాలుగు చక్రాలనూ కలిపి నడిపితే షాఫ్టులు తాడువలె మెలిబడి, ఎక్కడో ఒక పన్ను విరుగుతుంది. విల్లీస్ జీపుకు ముందూ వెనుకా ఒకే 4.88 పెట్టినది ఇందుకే.

తరువాత పాత చేతులనూ, టార్షను కమ్మీలనూ తీసివేసి, వాటిని పట్టి ఉంచిన బ్రాకెట్లను చాసిస్ నుంచి కోసివేస్తారు. ఇక్కడ తిరుగుదారి మూసుకుపోతుంది. కమాను పట్టీలకు చాసిస్ ముందు కొన మీద కొత్త కొక్కేలు అతకాలి. ఆ చోటు అటువంటి బరువు కోసం రూపొందించినది కాదు గనుక పలకలు వేసి బలపరచాలి. డిఫరెన్షియల్ గుల్ల తరచుగా పోత ఇనుముతో చేసినది. దానిని ముందుగా వేడి చేయకుండా వెల్డింగు చేస్తే చల్లారేటప్పుడు పగులు పుడుతుంది. ఆ పగులు కంటికి కనపడకపోవచ్చు.

ఇక కోణాలు. సైకిలు ముందు ఫోర్కు వెనుకకు వాలి ఉండటం అందరూ చూసినదే. ఆ వాలు ఉండబట్టే హ్యాండిల్ వదిలినా చక్రం తిన్నగా పోతుంది. పికప్ ముందు చక్రాల కీలుకు కూడా అటువంటి వాలు కావాలి, సాధారణంగా 4 నుంచి 7 డిగ్రీలు. ఈ వాలు తక్కువైతే బండి నిలకడగా పోదు. ఇరుసును వెనక్కు దొర్లిస్తే వాలు పెరుగుతుంది గదా అనిపిస్తుంది. కాని దానితోపాటు షాఫ్టు చేరే పీనియను ముఖం నేలవైపు తిరిగి, షాఫ్టు జాయింటు ఎక్కువగా వంగుతుంది. హుక్ జాయింటు దోషం అక్కడ తలెత్తుతుంది. రెండూ కుదరాలంటే ఇరుసు కొనలలోని కీళ్ల అతుకును కోసి, వాటిని మాత్రమే కావలసినంత తిప్పి, తిరిగి అతకాలి. తెలిసిన పనివారు అట్లాగే చేస్తారు. తొందరపాటువారు వాలునో, షాఫ్టునో వదులుకుంటారు.

స్టీరింగు కమ్మీ ఒక వృత్తచాపంలో కదులుతుంది, స్ప్రింగులమీద ఇరుసు మరొక చాపంలో కదులుతుంది. ఈ రెండూ సరిపడకపోతే డ్రైవరు ఏమీ చేయకుండానే గతుకులో బండి పక్కకు మళ్లుతుంది. కమ్మీ పొడవుగా, వీలయినంత అడ్డంగా, నేలకు సమాంతరంగా ఉంటే ఈ దోషం తగ్గుతుంది. ఒల్లీ కాలంనాటి చక్రాల ఊగులాట కూడా ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. కీళ్లలో కొద్ది వదులుండి, వాలు తప్పి, వేగంలో ఒక గతుకు తగిలితే ముందు చక్రాలు రెండూ అటూ ఇటూ భయంకరంగా కొట్టుకుంటాయి. బండి ఆపితే తప్ప అది ఆగదు.

బ్రేకు గొట్టం చిన్నదే, కాని దానివల్ల జరిగే హాని చిన్నది కాదు. కొత్త ఇరుసు పాతదానికంటె ఎక్కువ దూరం కిందికి దిగుతుంది. పాత పొడవు గొట్టాన్నే ఉంచితే అది బిగిసి తెగిపోతుంది.

ఇరుసు పైకి లేచినప్పుడు ఇంజను అడుగు తొట్టికి తగలకుండా బండిని ఎత్తు చేయాలి. చక్రాల నడుమ దూరం 150 సెంటీమీటర్లు, గరిమనాభి ఎత్తు 70 సెంటీమీటర్లు ఉన్న బండి సుమారు 47 డిగ్రీల వాలుదాకా పక్కకు పడదు. గరిమనాభి 85 సెంటీమీటర్లకు పోతే ఆ హద్దు 41 డిగ్రీలకు దిగుతుంది. నిలిచి ఉన్న బండికి చేసిన లెక్క ఇది. వేగంగా మలుపు తిరిగే బండికి హద్దు ఇంకా చాలా తక్కువ. రాళ్లమీద నెమ్మదిగా పోవటానికి చేసిన మార్పు తారురోడ్డుమీద వేగంగా పోయేవారికి ప్రాణాంతకం కాగలదు.

మన దేశపు చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేట్లు యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షనుకు గట్టి అర్థమే చెప్పింది. కనుక చాసిస్‌ను కోసి ఇరుసు మార్చిన పికప్‌ను చెరుకుపల్లి నుంచి బాపట్లకు రోడ్డుమీద నడుపుకుంటూ పోవటం కుదరదు. ఇరుసు మార్చిన బండి ఎంత చక్కగా గట్లెక్కినా, దాని బ్రేకులనూ, కోణాలనూ పరీక్షించి బాధ్యత వహించిన సంస్థ ఏదీ ఉండదు.

ఏకఖండ ఇరుసు కావలసినవారికి ఫ్యాక్టరీ నుంచే అది దొరికే మార్గం పూర్తిగా మూసుకుపోలేదు. మారుతి జిప్సీ 1985 నుంచి మూడు దశాబ్దాలకు పైగా ముందూ వెనుకా ఏకఖండ ఇరుసులతోనే తయారయింది. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన జిమ్నీకి కూడా అవే ఉన్నాయి, కమాను పట్టీలకు బదులు చుట్ల స్ప్రింగులు వచ్చాయి. జర్మనీలో మెర్సిడెస్ కంపెనీ మాత్రం దాదాపు 40 ఏళ్లు కాపాడుకొన్న జీ క్లాస్ ముందు ఇరుసును 2018లో వదులుకొన్నది. లారీల ముందు ఇరుసును ఎక్కువమంది తయారీదారులు విడదీయలేదు. రేపల్లె రోడ్డుమీద ధాన్యం బస్తాలతో ఆగిన ఏ లారీనైనా ముందువైపు వంగి చూస్తే, కమాను పట్టీల కింద ఒక చక్రం నుంచి మరొక చక్రం దాకా సాగిన ఉక్కు దూలం కనిపిస్తుంది.